పెట్టె లేచేలోపల

అలివేలమ్మ ఇంట్లో పొద్దన్నే ముందుగా నిద్ర లేచేది ఆమె మొగుడు నారాయణ. అందరికంటే ఆఖర్న లేచేది ఆయన కంప్యూటరు.

ఆయన కండ్లు తుడుచుకుంటూ పడసాలలోకి పోయి, బల్ల కింద ఉన్న పెట్టె మీట నొక్కి, ఆ తర్వాతే మొహం కడుక్కోవడానికి పోయేవాడు. మీట నొక్కితే సరిపోయిందా? పెట్టె ముందు గుర్రుమనేది. కాసేపటికి లోపల ఎవరో కూర్చొని చెనక్కాయలు ఒలుస్తున్నట్టు టిక్కుటిక్కుమనేది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగేవి, ఆగేవి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ తిరిగేవి. చుక్కలు పోయి రంగు వచ్చినా దాన్ని నమ్మడానికి లేదు. తొందరపడి చెయ్యి పెడితే బిగుసుకుపోయేది. దాని మానాన దాన్ని వదిలేస్తే, పొద్దు పడసాల గడప దాటి లోపలికొచ్చే వేళకు కుదురుకునేది.

ఆ లోపల నారాయణ నీళ్ళు పోసుకొని, పంచె కట్టుకొని, బొట్టు పెట్టుకొని వచ్చి, దేవునిగూడు ముందర చాప మీద అలివేలమ్మ పక్కన కూర్చునేవాడు. స్వామి నామాలు ఆయనొకటి చదివితే ఆమె ఒకటి చదివేది. నామానికొక కాకడా పువ్వు. మధ్యలో ఎప్పుడైనా ఆయన, "నిన్నటి పులగం బాగుండె," అనేవాడు. ఆమె, "దేవుని ముందర తిండి మాటలేంది బావా," అనేది గానీ, ఆ మాట సాయంత్రం దాకా ఆమె మనసులో తియ్యగా ఉండేది. నామాలు అయిపోయి హారతి ఇచ్చేసరికి పెట్టె కూడా టిక్కుటిక్కులు మాని ఆయన కోసం కాచుకొని ఉండేది. ఆయన పోయి దాని ముందర కూర్చునేవాడు. ఇంక రాత్రి అన్నం దాకా ఆయన నోట్లోంచి ఆమెకు దక్కేది "ఊ" ఒక్కటే.

మనిషి చెడ్డవాడు కాదు, పని అటువంటిది. నారాయణ చిన్నప్పుడే ప్రొద్దుటూరులో ఒక ప్రెస్సులో సీసం అక్షరాలు పేర్చే పనికి కుదిరినాడు. సీసం అక్షరాల కాలం పోయినాక కంప్యూటరు నేర్చుకొని, ఇంట్లోనే పెండ్లి పత్రికలు కూర్చి ప్రెస్సుకు పంపడం మొదలుపెట్టినాడు. హిందువుల పత్రికలూ, సాయిబుల పత్రికలూ, గృహప్రవేశాలూ, చెవిపోగులు కుట్టే పండగలూ అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆయన కూర్చిన పత్రికలో తప్పు దొర్లిందని ఇంతవరకు ఎవరూ తిరిగి రాలేదు.

పెట్టె కొత్తగా ఉన్నప్పుడు ఇట్లా ఉండేది కాదు. నొక్కితే లేచేది. నారాయణ తల కూడా దువ్వుకోకుండా దాని ముందర కూర్చునేవాడు. అలివేలమ్మ ఒక్కతే నామాలు చదువుకొని, హారతి పళ్ళెం తీసుకుపోయి ఆయన మొహం ముందర పట్టుకుంటే, ఎడమ చేత్తో కండ్లకద్దుకునేవాడు. కుడి చెయ్యి మౌసు వదిలేది కాదు. ఎడమ చేత్తో హారతేందని ఆమె ఎన్నిసార్లు అన్నా ఆయన చెవికి ఎక్కలేదు. రాను రాను పెట్టెకు వయసు మీదపడింది. ఒకనాడు ఎంతసేపటికీ లేవకపోతే విసుగొచ్చి, వచ్చి చాప మీద కూలబడినాడు. ఊరికే కూర్చోలేక ఒక నామం అందుకున్నాడు. మర్నాడు కూడా వచ్చినాడు. అట్లా అలవాటైంది.

ఇది దేవుని దయనా, పెట్టె ముసలితనమా అని అలివేలమ్మ అప్పుడప్పుడు ఆలోచించేది. స్వామి కొందరిని కష్టం పెట్టి తన దగ్గరికి రప్పించుకుంటాడు, కొందరిని సుఖం ఇచ్చి రప్పించుకుంటాడు. తన బావను మాత్రం ఈ పెట్టెతో రప్పించుకున్నట్టున్నాడు. యంత్రం లేచేదాకా పొద్దుపోక చదివిన నామాలు స్వామి లెక్కలోకి తీసుకుంటాడో లేదో ఆమెకు తెలియదు. తీసుకోకపోతే మాత్రం ఏమైంది, తన లెక్కలో ఉన్నాయి. శుక్రవారం గడపకు పసుపు రాసి బొట్లు పెట్టేటప్పుడు పెట్టెకు కూడా ఒక బొట్టు పెట్టేది. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు.

రంజాన్ నెల మొదలైంది. పండగ తర్వాత పెండ్లిళ్ళు పెట్టుకున్న సాయిబులు, ఆ నెలలోనే ముహూర్తాలున్న హిందువులు, అందరూ ఒక్కసారే పత్రికలకు వచ్చిపడినారు. అట్లాంటి ఒక పొద్దున జమ్మలమడుగు నుంచి మొదటి బస్సుకే అమీర్ బాషా దిగినాడు. కూతురి పెండ్లి పత్రిక ఒక్కసారి కండ్లతో చూసుకొని, సరే అంటే అచ్చుకు పోతుంది. ఆయన వచ్చేసరికి నారాయణ, అలివేలమ్మ నామాల మధ్యలో ఉన్నారు. ఆయన చెప్పులు విడిచి మర్యాదగా ఒక మూల కుర్చీలో కూర్చున్నాడు. నామాలు అయిపోయినాయి, హారతి అయిపోయింది. పెట్టె మాత్రం ఆ రోజు లేవలేదు. చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి.

"టీ తాగమని కూడా అనలేకపోతాండా, రోజాలో ఉంటివి," అన్నాడు నారాయణ, చెమట తుడుచుకుంటూ.

"పర్వాలేదు లేప్పా. మా యమ్మి పెండ్లి పండగైన తర్వాతనే కదా. అప్పటికి లేస్తాదిలే," అన్నాడు అమీర్ బాషా.

అమీర్ బాషా నవ్వుతూనే అన్నాడు, నారాయణకు మాత్రం నవ్వు రాలేదు. ఆపి మళ్ళీ నొక్కినాడు. చివరికి మధ్యాహ్నపు ఎండ వచ్చినాక పత్రిక తెర మీద కనపడింది. అమీర్ బాషా అటు పోగానే నారాయణ అల్లుడు కార్తీకుకు ఫోను చేసినాడు. కార్తీకు పులివెందులలో ఒక అరటికాయల వ్యాపారి దగ్గర కంప్యూటరు పని చూస్తాడు.

"మామా, పెట్టె మొత్తం మార్చే పని లేదు," అన్నాడు కార్తీకు. ఫోను పెద్దగా పెట్టినారు కాబట్టి వంటింట్లోకి కూడా వినపడుతోంది. "లోపల దాచుకునే భాగం ఒకటుంటాది, హార్డు డిస్కని. దాన్ని తీసేసి ఎస్సెస్డీ వేయించు. మీట నొక్కి నువ్వు కుర్చీ దగ్గరికి జరుపుకునే లోపల లేసి కూసుంటాది."

అలివేలమ్మ చెరుగుతున్న కంది బేడలు చేటలోనే ఆగిపోయినాయి. కుర్చీ జరుపుకునే లోపల అంటే ఎన్ని నామాలు? ఒక్కటి కూడా పట్టదు.

*

మరునాడు కూరగాయలకని సంచి పట్టుకొని బయలుదేరి, అలివేలమ్మ నేరుగా గాంధీరోడ్డు సందులో ఉన్న వలి బాషా కంప్యూటరు అంగడికి పోయింది. నారాయణ పెట్టెకు ఏ జబ్బు చేసినా చూసేది వలి బాషానే. నలభై ఏండ్లుంటాయి, ఎప్పుడూ చెవి మీద ఒక చిన్న స్క్రూడ్రైవరు పెట్టుకొని ఉంటాడు.

"ఏందక్కా, నువ్వొచ్చినావు? అన్నకు బాగుండాదా?"

"బాగుండాడు. నీతో ఒక మాట చెప్పిపోదామని వచ్చినా వలీ. మా బావ వచ్చి ఎస్సెస్డీ కావల్లంటాడు. లేదని చెప్పు."

వలి బాషా వెనక్కి తిరిగి చూసినాడు. అద్దాల బీరువాలో ఎస్సెస్డీ డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి.

"కండ్లముందర గోడ కట్టినట్టు పెట్టుకోని లేదని ఎట్ల చెప్పేదక్కా?"

"లోపల పెట్టేయి."

"లోపల పెట్టినా అబద్ధం అబద్ధమే కదా. రోజాలో ఉండా. అబద్ధమాడితే పొద్దుగూకులూ నోరు కట్టుకున్నది గంగలో కలిసిపోతాది. ఇంతకూ ఏంటికి వద్దు? ఆ పెట్టెను లేపేదానికంటే మా దాదీని లేపేది సులభం. ఆమెకు తొంభై."

అలివేలమ్మ అంగడిలో ఇంకెవరూ లేరని చూసుకొని, సంగతి చెప్పింది. పెట్టె లేవనందుకే ఆయన పక్కన కూర్చుంటున్నాడనీ, అది బిర్నా, నొక్కగానే లేస్తే తాను మళ్ళీ ఒంటిగా నామాలు చదువుకోవాల్సి వస్తుందనీ. చెప్తున్నప్పుడు తనకే చిన్నపిల్ల మాట మాదిరి అనిపించి సంచి పిడి మెలిపెట్టింది. వలి బాషా నవ్వలేదు.

"ఒక సంగతి అడుగుతా వలీ. మీరు వేళ తప్పకుండా నమాజు చేస్తారు కదా. ఇట్ల యంత్రం కోసం కాచుకుంటా చదివితే, అది దేవునికి ముడుతాదంటావా?"

"బస్సు లేటయిందని స్టాండులోనే రుమాలు పరుచుకొని నమాజు చేసుకునేవాళ్ళుండారు. బస్సు టయానికి వచ్చింటే చేసేవాళ్ళో కాదో పైవానికే తెలుసు. చేసింది మాత్రం నమాజే కదక్కా," అన్నాడు వలి బాషా. వెంటనే, "అయినా నన్నడుగుతావేంది, నేను స్క్రూలు తిప్పేవాణ్ణి. మీ అయ్యవారిని అడుగు," అన్నాడు.

"ఆయన్ను అడిగితే ఒక హోమం చెప్తాడు."

ఇప్పుడు వలి బాషా నవ్వినాడు. "సరే. అబద్ధం చెప్పలేను గానీ, హార్డు డిస్కు తరపున ఉండే నిజాలు చెప్తా. వాటితో నువ్వే వాదించుకో. ఎస్సెస్డీ తరపున ఇంకా శానా నిజాలుండాయి. అన్న అడిగితే అవీ దాయను, అది మాత్రం ఇప్పుడే చెప్తాండా."

ఆయన చెప్పినాడు, ఆమె విన్నది. హార్డు డిస్కులో చోటు ఎక్కువ, ఎన్ని పత్రికలైనా పడతాయి. అది పోయేటప్పుడు ఊరికే పోదు, ముందునుంచే గరగరమని గోలపెట్టి చెప్పి పోతుంది. పోయినా, లోపలున్నదాన్ని మళ్ళీ బయటికి తీసేవాళ్ళు ఉన్నారు. ఎస్సెస్డీ అట్లా కాదు. బాగున్నన్నాళ్ళు బాగుంటుంది. పోతే చెప్పాపెట్టకుండా పోతుంది, పోయినదాన్ని తీయడం శానా కష్టం.

ఇంతవరకు విని అలివేలమ్మ సంచి ఎత్తుకుంది.

"ఉండక్కా, ఇంకొక మాటుండాది, అసలైంది," అన్నాడు వలి బాషా.

"ఇవి చాలు. ఇంతకంటే చెప్తే మరిచిపోతా," అని ఆమె రోడ్డు దాటేసింది.

ఇంటికొచ్చే దారంతా ఆ మాటలే నామాల మాదిరి మననం చేసుకుంటూ నడిచింది. కూరగాయలు కొనడం మరిచిపోయింది.

*

ఆదివారం కూతురు మాధవి, కార్తీకు పులివెందుల నుంచి వచ్చినారు. కార్తీకు అరటిగెల ఒకటి భుజాన పెట్టుకొచ్చినాడు. సంగటి, గోంగూర పప్పు, చెనక్కాయల ఊరుబిండి చేసింది అలివేలమ్మ. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి వేస్తూనే యుద్ధం మొదలుపెట్టింది.

"నాయనా, ఆ ఎస్సెస్డీ గురించి నాకు చెప్పు. అది ఎట్ల పనిచేస్తాది?"

కార్తీకు సంబరపడినాడు. అత్త కంప్యూటరు గురించి అడగడం ఇదే మొదటిసారి. "హార్డు డిస్కులో ఒక చక్రం తిరగల్ల అత్తా. దాని మీద ఒక ముల్లు ఆడికీ ఈడికీ పోయి ఎతుక్కోవల్ల. ఎస్సెస్డీలో తిరిగేదే లేదు. అడిగితే ఇస్తాది, అంతే."

"తిరగకుండా యాడన్నా పని జరుగుతాదా? గానుగ తిరగల్ల, తిరగలి తిరగల్ల. కడాకు భూమి కూడా తిరగల్లంటారు."

"ఫోను తిరుగుతాండాదా అత్తా?"

మాధవి కిసుక్కుమంది. నారాయణ కూడా పప్పు కలుపుకుంటూ నవ్వినాడు. అలివేలమ్మ తొణకలేదు.

"ఆ ఫోను మొన్న ఉన్నట్టుండి సచ్చిపోతే, లోపలుండే పెండ్లి ఫోటోలన్నీ పాయెనని మాధవి రెండు దినాలు అన్నం మానేసింది. మరిచిపోయినావా? ఎస్సెస్డీ కూడా అట్లనే చెప్పకుండా పోతాదంట కదా. హార్డు డిస్కయితే గరగరమని ముందే చెప్పి పోతాది. మనిషన్నాక, యంత్రమన్నాక, చెప్పి పోవల్ల."

"నన్నేంటికి మధ్యలోకి లాగుతావు మా," అంది మాధవి.

కార్తీకు చెయ్యి సంగటిలోనే ఆగింది. "నీకు ఇవన్నీ ఎవరు చెప్పినారత్తా?"

"ఎవరన్నా చెప్పనీ. నిజమా కాదా?"

"నిజమే గానీ, పోయేదాని గురించే చూస్తాండావు. పరిగెత్తేదాని గురించి చూడవు. మామకు దినానికి ఎంత పొద్దు కలిసొస్తాది?"

"పరిగెత్తి యాడికి పోవల్ల? పెండ్లి ముహూర్తం ముందుకు జరుగుతాదా?" అని, ఆఖరి బాణం తీసింది. "మీ మామ ఇన్నేండ్లుగా కూర్చిన పత్రికలన్నీ దాంట్లోనే ఉండాయి. ఇప్పటికీ వచ్చి, మా అక్క పెండ్లికి వేసిన అంచు మాదిరే కావల్లంటారు. అవి ఒకనాడు చెప్పకుండా పోతే?"

నారాయణ తినడం ఆపినాడు. ఆయన పత్రికల అంచులన్నీ స్వయంగా గీసుకున్నవి. మల్లెతీగలు, మామిడి పిందెలు, నెలవంక మీద జల్లెడ మాదిరి జాలీ పని. అవి పోతాయన్న ఊహే ఆయనకు ముద్ద దిగనీయలేదు.

"అలివేలు చెప్పేది నాయమే కార్తీకా. హార్డు డిస్కే వేయిద్దాం. కొత్తది."

"మామా, కాపీ పెట్టుకుంటే ఏదైనా ఒకటే కదా," అని కార్తీకు ఇంకా ఏదో చెప్పబోయి, మామ మొహం చూసి మానుకున్నాడు. అత్త వైపు తిరిగినాడు. "నువ్వు మా మండీలో ఉండాల్సినదానివత్తా. పచ్చి కాయలను పండ్లని అమ్మేస్తావు."

అలివేలమ్మ గెలిచింది. ఆ సంబరంలో అల్లునికి వద్దన్నా ఇంకొక ముద్ద వేసింది.

బిడ్డా అల్లుడూ బస్సెక్కిన తర్వాత నారాయణ వాకిట్లో చేతులు కట్టుకొని నిలబడి, "నా పని గురించి నువ్వు ఇంత ఆలోచిస్తాండావని నాకు తెలియదే అలివేలూ," అన్నాడు. చాలా మెత్తగా అన్నాడు. ఆ మెత్తదనమే ఆమెకు గుచ్చుకుంది. తాను ఆయన పని గురించి ఆలోచించింది ఎక్కడ? ఆ రోజు అమీర్ బాషా ముందర ఆయన చెమట తుడుచుకోవడం కండ్లలో మెదిలింది. కాపురాన్ని కాపాడుకోవడానికి చెప్పిన నిజాలు కూడా అబద్ధాల మాదిరి అరుచి పుట్టిస్తాయా అనుకుంటూ లోపలికి పోయి, అంట్లు ముందరేసుకుంది.

*

రెండు దినాలకు వలి బాషా ఒక డబ్బా పట్టుకొని ఇంటికొచ్చినాడు. పెట్టె మూత విప్పి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, లోపలి దుమ్ము దులిపినాడు. వాకిట్లో బట్టలు దులిపినంత దుమ్ము లేచింది. నారాయణ పక్కనే గొంతుక్కూర్చొని, పత్రికలన్నీ క్షేమమేనా అని అడుగుతూ ఉన్నాడు. అలివేలమ్మ దేవునిగూడు దగ్గర దీపపు కుందులు తోముతూ ఇటే చూస్తోంది.

"పాత పత్రికలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి పెట్టినా అన్నా. ఒక్కటీ పోలేదు," అన్నాడు వలి బాషా. "ఇంక నీకు బాధ లేదు. రెండు మూడు నిమిషాలకు లేస్తాది."

కుంది మీద పీచు ఆగింది.

"ఏంది లేస్తాది?" అంది అలివేలమ్మ.

"ఇదే అక్కా, పెట్టె."

"హార్డు డిస్కే కదా వేస్తాండావు?"

"హార్డు డిస్కే. కొత్తది కదా. పాతది లేవనిది హార్డు డిస్కయినందుకు కాదక్కా, ముసలిదయినందుకు. లోపల అరిగిపోయింది, పైన చెత్త పేరుకుపోయింది. ఎస్సెస్డీ అంత బిర్నా లేవదు గానీ, ఇదీ లేస్తాది. ఆ దినం ఇదే చెప్పబోతే నువ్వు ఆగకపోతివి."

అలివేలమ్మ ఆయన వైపు చూసింది, పెట్టె వైపు చూసింది. రెండు మూడు నిమిషాలు. మొహం కడుక్కోవడానికి కూడా చాలవు.

"అట్లయితే నేను ఇన్నాళ్ళు కొట్లాడింది దేనికి?" అనేసింది.

అన్న తర్వాత నాలుక కరుచుకుంది గానీ, మాట అప్పటికే పడసాలంతా తిరిగింది. వలి బాషా తల వంచి, బిగించాల్సిన పని లేని స్క్రూ ఒకటి బిగించడం మొదలుపెట్టినాడు. నారాయణ మెల్లగా లేచి నిలబడినాడు.

"దేనికి కొట్లాడినావు?"

ఆమె కుంది పక్కన పెట్టింది. చేతులకు చింతపండు గుజ్జు అంటుకొని ఉంది. తుడుచుకోవాలన్నది కూడా తోచలేదు.

"అది నిదానంగా లేస్తే నువ్వు నా పక్కన కూసుంటావని."

నారాయణకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చాప వైపు చూసినాడు.

"నామాల కోసమా?"

"నామాలు నేనొక్కదాన్నే చదువుకోలేనా? ఇన్నేండ్లు చదువుకోలేదా? నువ్వు పక్కన కూసోవల్ల, అంతే."

"ఈ మాట అడిగింటే కూసోనుంటా కదే."

"నువ్వు పెట్టె కోసం కాచుకోని కూసుంటివి. నా కోసం కూసుంటావని నాకేం తెలుసు బావా?"

వలి బాషా ఫోను మోగకపోయినా జేబులోంచి తీసి చెవికి పెట్టుకొని, "ఆ, చెప్పు," అంటూ వాకిట్లోకి పోయినాడు. రోజాలో ఉన్నవాడు ఆ మాత్రం అబద్ధం ఆడినట్టే లెక్క.

నారాయణ పోయి చాప అంచున కూర్చున్నాడు. ఆ వేళప్పుడు ఆయన అక్కడ కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నేను కూడా ఒక మాట చెప్తా, తిట్టొద్దు. నామాలు చదువుతాంటే నా చెవి ఒకటి ఈడ, ఒకటి పెట్టె కాడ. ఆ టిక్కుటిక్కు ఆగిందంటే నాకు మనసు నిలిచేది కాదు. ఆఖర్న కొన్ని నామాలు దాటేసేవాణ్ణి."

"తెలుసు."

"తెలుసా?"

"నువ్వు దాటేసినవి నేను మనసులో చదువుకునేదాన్ని. స్వామికి తక్కువ పడకూడదని."

నారాయణ ఆమె మొహంలోకి చూసి, నవ్వడం మొదలుపెట్టినాడు. ముందు చిన్నగా, తర్వాత భుజాలు కదిలేటట్టు. "కార్తీకును గానుగ, తిరగలి అని తిప్పలు పెట్టింది దీనికా? భూమి కూడా తిరగల్లంటివి కదే." ఆమెకు ముందు ఉక్రోషం వచ్చింది. దానెనకాలే నవ్వు కూడా వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ చింతపండు చేత్తోనే కండ్లు తుడుచుకొని, మంటకు కేక పెట్టింది. నారాయణ చెంబుతో నీళ్ళు తెచ్చి, ఆమె తల పట్టుకొని కండ్లు కడిగినాడు.

వాకిట్లోంచి వలి బాషా గొంతు సవరించుకున్నాడు. "ఇంతకూ ఏది బిగించల్లన్నా?"

నారాయణ భార్య వైపు చూసినాడు. ఆమె కొంగుతో మొహం అద్దుకుంటూ, కాసేపు ఆలోచించింది. అది లేచినా లేవకపోయినా ఇంక తాను దాని మీద ఆధారపడేది లేదు. అడగాల్సిన మనిషిని అడిగింది.

"ఎస్సెస్డీనే వేయి వలీ. పత్రికలోళ్ళు కాచుకోకూడదు. మా బావ చెమటలు పట్టుకోకూడదు."

"మల్ల అంచులు?" అన్నాడు నారాయణ.

"రెండూ పెట్టుకోవచ్చన్నా," అన్నాడు వలి బాషా. "లేచే పని ఎస్సెస్డీది, దాచే పని ఈ హార్డు డిస్కుది. ఇప్పుడు శానామంది ఇట్లనే పెట్టుకుంటాండారు."

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదా," అంది అలివేలమ్మ.

"నువ్వు చెప్పనిస్తే కదక్కా," అంటూ వలి బాషా ఎస్సెస్డీ తెచ్చేదానికి అంగడికి బయలుదేరినాడు.

*

మర్నాడు తెల్లవారుజామున అలివేలమ్మకు మెలకువ వచ్చేసరికి పక్కన నారాయణ లేడు. ఆమె చెవులు రిక్కించింది. గుర్రుమనడం లేదు, టిక్కుటిక్కు లేదు. ఇల్లంతా నిశ్శబ్దం. కొత్తది చప్పుడు చేయదని వలి బాషా చెప్పే పోయినాడు. కాబట్టి అది లేచిందో లేవలేదో, ఆయన దాని ముందర కూర్చున్నాడో లేదో వినికిడి మీద తెలిసే దారి లేదు. తొంగి చూడడానికి ఆమెకు మనసొప్పలేదు. ఒక్కసారి నోరు తెరిచి అడిగింది, అది చాలు. పహరా కాస్తే అడిగినదానికి విలువేముంటుంది?

నీళ్ళు పోసుకొని, పూలు బుట్టలో వేసుకొని, పడసాలలోకి తలెత్తకుండా వచ్చి చాప మీద కూర్చుంది. దీపం వెలిగించింది. మొదటి నామం చదివి, పువ్వు వేసింది. ఆగింది. రెండో నామం ఆయనది. చదువుదామా, ఒక్క క్షణం చూద్దామా అనుకుంటుండగా, వెనక నుంచి తడి పంచె చప్పుడైంది. నారాయణ రెండో నామం నడుస్తూనే చదివి, వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన తల మీది నీళ్ళు ఆమె భుజం మీద చుక్కలుగా పడినాయి.

అప్పుడు ఆమె కొద్దిగా తల తిప్పి చూసింది. బల్ల మీద తెర నల్లగా ఉంది. ఆయన మీట నొక్కనేలేదు.

మూడో నామం ఆమెది. చదివి పువ్వు వేసింది. నాలుగోది ఆయన చదివినాడు. ఆయన గొంతు మారినట్టనిపించింది. ఇన్నాళ్ళూ బస్సు తప్పిపోతుందన్నట్టు చదివిన మనిషి, ఇప్పుడు ఒక్కో నామాన్ని అరటిపండు ఒలిచినట్టు నిదానంగా ఒలుస్తున్నాడు. ఒక నామం దగ్గర ఆగి, "దీనికి అర్థమేంది అలివేలూ? ఇన్నాళ్ళు ఊరికే చదివితిమి," అన్నాడు. ఆమెకూ తెలియదు. ఇద్దరూ కొంచెంసేపు దాని గురించి ఆలోచించి, సాయంత్రం అయ్యవారిని అడుగుదామనుకొని ముందుకు పోయినారు.

పొద్దు గడప దాటి లోపలికొచ్చింది. వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. నామాలు ఇంకా సగంలోనే ఉన్నాయి. వాకిట్లో ఆటో ఆగి, మైదుకూరు నుంచి పెండ్లివాళ్ళు దిగి, "నారాయణన్నా," అని పిలిచినారు. అలివేలమ్మ పాల వైపు ఒకసారి, వాకిలి వైపు ఒకసారి చూసి, తన వంతు నామాలు గబగబా చదవసాగింది. ఆయన మాత్రం కండ్లు మూసుకొని తన పాటికి తాను సాగదీస్తున్నాడు.

"బావా, రవ్వంత బిర్నా కానీ. మైదుకూరోళ్ళు వాకిట్లో నిలబడుకోనుండారు," అంది పువ్వు వేస్తూ.

నారాయణ కండ్లు తెరవలేదు. "వసారాలో కూసోమను. పెట్టెదేముంది, నొక్కితే లేస్తాది. నువ్వు ఒక నామం దాటేసినావు, వెనక్కి రా."

అలివేలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. వాకిట్లోవాళ్ళను కూర్చోమని చేత్తో సైగ చేసి, దాటేసిన నామం దగ్గరికి వెనక్కి పోయి, మళ్ళీ అక్కణ్ణుంచి అందుకుంది.